కైలాసం ఫైలు

2016లో ఒక మధ్యాహ్నం మా టెస్టుల్లో ఒకటి మ్యాక్ మీద ఫెయిలైంది. అదే టెస్టు విండోస్‌లో పాసైంది, లినక్స్‌లోనూ పాసైంది. మ్యాక్ మాత్రం కైలాసం అనే ఫైలు కనబడలేదంది. ఫోల్డరు తెరిచి చూస్తే కైలాసం అక్కడే ఉంది. టెస్టు వెతికిన పేరును, డిస్కు మీద ఉన్న పేరును పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా కంటికి తేడా అందలేదు.

చివరికి అక్షరాల వెనక ఉండే సంఖ్యలు బయటికి తీశాను. మేం రాసిన "కై"లో రెండే ఉన్నాయి: క, ఐత్వం. మ్యాక్ తిరిగిచ్చిన "కై"లో మూడున్నాయి: క, ఎత్వం, కింద సుడి తిరిగే చిన్న గుర్తు. యూనికోడ్‌లో మన ఐత్వాన్ని ఒకే ముక్కగానూ రాయొచ్చు, ఎత్వాన్నీ కింది గుర్తునూ విడివిడిగా పెట్టీ రాయొచ్చు. రెండూ సమానమేనని ఆ ప్రమాణమే చెబుతుంది. అప్పటి మ్యాక్ ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను ఇలా విడదీసే దాచుకునేది. విండోస్, లినక్స్ మనం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతాయి. సంఖ్యలతో సంఖ్యలు పోల్చే మా ప్రోగ్రాముకు ఆ రెండు కైలాసాలూ వేర్వేరు మనుషులైపోయారు.

నాకు వెంటనే పలక గుర్తొచ్చింది. ఒకటో తరగతిలో మా టీచరు నా చెయ్యి పట్టుకుని "కై" దిద్దించిన తీరు అదే. ముందు "కె" రాయించి, ఆ తర్వాత కింద సుడి చుట్టించేవారు. ఆ యంత్రం తప్పు రాయలేదు. మా టీచరు రాయించినట్టు రాసింది. రాతకు ఇంకో దారి ఉంటుందన్న ఆలోచనే మా ప్రోగ్రాములో లేదు.

మేం చూసుకునే లైబ్రరీ పని పైకి చిన్నదే. ఒక ఫోల్డరులో ఉన్న బిల్లులు, పత్రాలు చదివి, పేర్లూ తేదీలూ మొత్తాలూ ఏరి పట్టిక కడుతుంది, కొత్త బిల్లులూ వేస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా ఒకేలా పనిచెయ్యాలి. అలా చేస్తోందో లేదో చూడటానికే యూనిట్ టెస్టులు. ఈ వృత్తిలో లేనివారికి ఒక్క మాటలో చెప్పాలంటే, ప్రోగ్రాములోని ఒక చిన్న భాగాన్ని విడిగా నిలబెట్టి, ఇది ఇస్తే అది రావాలి అని అడిగే మరో చిన్న ప్రోగ్రాము. వస్తే పచ్చ టిక్కు, రాకపోతే ఎర్ర గుర్తు. కోడ్‌లో ఎవరు ఏ మార్పు చేసినా మూడు రకాల యంత్రాల మీద ఈ టెస్టులన్నీ మళ్లీ నడుస్తాయి. ఒక్కటి ఎర్రబడినా ఆ మార్పు లోపలికి రాదు. యూనిట్ టెస్టుల పద్ధతిని ఊరూరా పాకించిన జేయూనిట్ అనే సాధనానికి 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కూర్చుని తొలి రూపం ఇచ్చారు.

ఆ రోజు మా టీములో కొత్తగా చేరిన అబ్బాయి నా వెనక నిలబడి ఇదంతా చూస్తున్నాడు. "అన్నా, టెస్టులో పేరు మార్చేద్దాం. రాము అని పెడితే మూడిట్లోనూ పాసైపోద్ది," అన్నాడు. అన్న మాట నిజమే. ఒక్క లైను మారిస్తే చాలు. మర్నాడే రిలీజు. ఆ అబ్బాయి తప్పించుకోవాలని అలా అనలేదు. ఎర్ర గుర్తు పోగొట్టడమే టెస్టును బాగుచెయ్యడం అని మనమే వాళ్లకు అలవాటు చేశాం.

"మన సాఫ్ట్‌వేర్ కొన్నాయన దగ్గర ఐత్వం ఉన్న పేర్లు ఉండవా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మా అమ్మ పేరు శైలజ," అన్నాడు. ఇక మాట్లాడుకోవాల్సింది లేకపోయింది. పోల్చేముందు రెండు పేర్లనూ ఒకే రూపంలోకి తెచ్చే నాలుగు లైన్లు కోడ్‌లో చేర్చాం. టెస్టులో కైలాసం కైలాసంగానే ఉన్నాడు. మరుసటి ఏడాదే యాపిల్ తన మ్యాక్‌లకు ఏపీఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ తెచ్చింది. అది ఇచ్చిన పేరును అలాగే ఉంచుతుంది. అయినా ఆ నాలుగు లైన్లు తీసెయ్యలేదు. పాత డిస్కులు, వాటిమీంచి నకలు తీసిన ఫోల్డర్లు ఎక్కడికీ పోవు కదా.

ప్రతిసారీ టెస్టే గెలవాలని నేననను. అంతకు కొన్ని నెలల ముందు సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. ఫోల్డరులోని ఫైళ్ల జాబితా తెచ్చే భాగానికి ఒక టెస్టు ఉండేది. విండోస్‌లో ఏళ్ల తరబడి పచ్చగా ఉన్న ఆ టెస్టు లినక్స్‌కు తీసుకెళ్లగానే ఎర్రబడింది. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్ ఫైళ్లను పేర్ల వరుసలో ఇస్తుంది. లినక్స్‌కు అలాంటి నియమం లేదు, తన లోపలి అమరికలో ఏది ముందు తగిలితే అది ఇస్తుంది. మా కోడ్ ఫైళ్లన్నీ తెస్తానంది గానీ వరుసలో తెస్తానని ఎక్కడా అనలేదు. ఇవ్వని మాటను టెస్టు నిలదీస్తోంది. అక్కడ టెస్టునే దిద్దాం. వరుస మాట వదిలేసి, అన్నీ వచ్చాయా లేదా అన్నది మాత్రమే చూడమన్నాం.

ఈ రెండు సంఘటనల తర్వాత నాకు ఒక అలవాటు స్థిరపడింది. ఎర్ర గుర్తు కనిపిస్తే ముందు కీబోర్డు ముట్టుకోను. ఇక్కడ ఎవరు ఎవరికి ఏం మాట ఇచ్చారు అని అడుగుతాను. టెస్టు అంటే నా దృష్టిలో ఇచ్చిన మాటకు రాసుకున్న కాగితం. మాట తప్పినది కోడ్ అయితే కోడ్‌ను దిద్దాలి. కాగితంలో లేనిపోనిది రాసుకున్నామని తేలితే కాగితం దిద్దాలి. ఆ సంగతి తేలకుండా వచ్చే పచ్చ టిక్కును నేను నమ్మను. అది ఎంత ఆలస్యమైనా సరే, తేలాకే చెయ్యి పెడతాను.

ఒకే ప్రోగ్రాము మూడు చోట్ల నడిచేటప్పుడు ఈ తగవులు ఎందుకు ఎక్కువవుతాయంటే, ఒకే పేరుకు ఒక్కోచోట ఒక్కో కొలత ఉంటుంది కాబట్టి. మన పెద్దవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. సేరు అనే మాట ఒకటే గానీ, ఒకచోట అది ఎనభై తులాలు, మరొకచోట ఇరవై నాలుగు తులాలు. ఎకరం తెలంగాణలో నలభై గుంటలు, ఆంధ్రలో వంద సెంట్లు. సీ భాషలో లాంగ్ అనే పూర్ణాంకం సరిగ్గా ఆ సేరు లాంటిది. 64 బిట్ల లినక్స్‌లో, మ్యాక్‌లో దానికి 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో మాత్రం 32 బిట్లే. రెండు వందల పధ్నాలుగు కోట్ల చిల్లర దాటిన సంఖ్య అక్కడ పట్టదు. లైను ముగిసిందని చెప్పడానికి లినక్స్ ఒక గుర్తు పెడితే విండోస్ రెండు పెడుతుంది. అందులో అదనంగా ఉన్నది టెలిటైపు యంత్రాల కాలం నాటిది, అచ్చు బండిని ఎడమ చివరకు లాగే ఆజ్ఞ. జావా సంగతి చూస్తే, ఫైలులోని అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో చెప్పకపోతే ఆ యంత్రం అలవాటు ప్రకారం చదివేది. లినక్స్‌లో చక్కగా వచ్చిన తెలుగు విండోస్‌లో పిచ్చిగీతలయ్యేది. యూటీఎఫ్-8నే అంతటా మామూలు పద్ధతిగా చేసుకోవడానికి జావాకు 2022 దాకా, 18వ వెర్షన్ దాకా పట్టింది. ఎక్కడైనా ఒకేలా నడుస్తానన్న మాటతో పుట్టిన భాష అది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కాలం వేధించింది గడియారం.

ఈరోజు తయారైన బిల్లు మీద ఈరోజు తేదీ ఉండాలి అని ఒక టెస్టు. పగలంతా పాసయ్యేది. సర్వర్ల మీద రాత్రీ పగలూ పాసయ్యేది. మాలో ఎవరైనా రాత్రి ఆలస్యంగా తన మెషీన్ మీద నడిపితే మాత్రం అప్పుడప్పుడు ఫెయిలయ్యేది. పొద్దున్నే మళ్లీ నడిపితే పచ్చ. "నిన్న నెట్ బాలేదేమో" అనుకుని వదిలేసేవాళ్లం. ఆ టెస్టుకు నెట్‌తో సంబంధమే లేదన్నది ఎవరికీ తట్టలేదు. ఒకరోజు ఫెయిలైన సమయాలన్నీ కాగితం మీద రాసి చూశాను. అన్నీ అర్ధరాత్రి పన్నెండుకూ తెల్లవారుజాము ఐదున్నరకూ మధ్యనే ఉన్నాయి.

ఐదున్నర అనగానే ముడి వీడింది. మన గడియారం ప్రపంచ ప్రామాణిక సమయం కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. టెస్టు స్థానిక తేదీని అడుగుతోంది, కోడ్ ప్రామాణిక తేదీని వేస్తోంది. మనకు అర్ధరాత్రి దాటి తేదీ మారాక కూడా ఐదున్నర గంటల పాటు అక్కడ నిన్ననే నడుస్తుంటుంది. సర్వర్లు ప్రామాణిక సమయంలోనే ఉంటాయి కాబట్టి వాటికి రెండు తేదీలూ ఎప్పుడూ ఒకటే. తేడా కనబడాలంటే ఒక మనిషి ఇండియాలో అర్ధరాత్రి మేలుకుని ఉండాలి.

టెస్టునూ ప్రామాణిక సమయానికే మార్చేస్తే సరిపోతుంది కదా అన్నారు ఒకరు. అప్పుడు మళ్లీ అదే ప్రశ్న వేసుకున్నాం, మాట ఎవరికి ఇచ్చాం అని. హైదరాబాద్‌లో ఒక వ్యాపారి ఏప్రిల్ 1 తెల్లవారుజాము రెండింటికి బిల్లు వేస్తాడు. మా కోడ్ దానిమీద మార్చి 31 వేస్తుంది. ఆ బిల్లు ఒక రోజు కాదు, ఒక ఆర్థిక సంవత్సరం వెనక్కి పోతుంది. లెక్కలు, పన్నులు అన్నీ తారుమారు. తప్పు కోడ్‌దే. దాన్ని దిద్ది, గడియారాన్ని కోడ్ తనంతట తాను చూసుకోకుండా బయటి నుంచి మేం అందించేలా మార్చాం. ఇప్పుడు ఆ టెస్టు ఎప్పుడు నడిపినా దాని లోపల సమయం ఏప్రిల్ 1, తెల్లవారుజాము రెండు. పక్కనే నేపాల్ కోసం ఇంకొకటి చేర్చాను. వాళ్లది ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు. గంటల తేడాలన్నీ నిండు గంటలే అనుకుని రాసిన కోడ్‌లు మన దగ్గరా నేపాల్ దగ్గరా బోర్లా పడటం ఆ తర్వాత చాలాసార్లు చూశాను.

డబ్బు విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను. కంప్యూటరు దశాంశాలను 0, 1 అనే రెండే అంకెల పద్ధతిలో దాచుకుంటుంది గనక 0.1కీ 0.2కీ కచ్చితమైన రూపం లేదు. రెండూ కలిపితే దానికి 0.3 రాదు, చివర ఎక్కడో ఒక రవ్వ మిగులుతుంది. పాత 32 బిట్ల బిల్డ్‌లో ప్రాసెసర్ లోపల 80 బిట్ల వెడల్పులో లెక్కగట్టేది, కొత్త బిల్డ్‌లో 64 బిట్లలోనే. అందుకని ఒకే బిల్లు మొత్తం రెండు చోట్ల చివరి అంకెల్లో తేడాగా వచ్చేది. ఎవరో ఒక పైసా లోపు తేడా ఉంటే పర్వాలేదని టెస్టులో రాసిపెట్టారు. గాలి వేగం, ఉష్ణోగ్రత లాంటివైతే అది సరైన పద్ధతే, నేనూ అలాగే రాస్తాను. బిల్లు విషయంలో అది పైసా పోయినా మేం అడగం అని సంతకం చెయ్యడం. మొత్తాలన్నీ పైసల్లో, పూర్ణాంకాలుగా మార్చాం. ఆ సడలింపు తీసేశాం.

ఇక నేనే చేసిన ఒక తప్పు చెప్పాలి. తాత్కాలికంగా సృష్టించిన ఫైళ్లు పని అయ్యాక చెరిగిపోవాలి అని ఒక టెస్టు ఉండేది. లినక్స్‌లో పాసు, విండోస్‌లో ఫెయిలు. రిలీజు ఒత్తిడిలో దాని నెత్తిన విండోస్‌లో వదిలేయమని స్కిప్ గుర్తు పెట్టాను. పక్కన తాత్కాలికం అని రాశాను కూడా. ఆ తాత్కాలికం నాలుగేళ్లు నడిచింది. ఒకరోజు ఒక కస్టమరు నుంచి ఫోను: కంప్యూటరు డిస్కు నిండిపోయింది, చూస్తే అన్నీ మా ఫైళ్లే. ఆయన దుకాణంలో ఆ ఉదయం బిల్లింగ్ ఆగిపోయింది. జరిగిందేమిటంటే, మా కోడ్ తెరిచిన ఫైలును మూసెయ్యడం మర్చిపోతోంది. తెరిచి ఉన్న ఫైలును కూడా లినక్స్ చెరపనిస్తుంది, విండోస్ మామూలుగా చెరపనివ్వదు. లినక్స్ మా నిర్లక్ష్యాన్ని కప్పిపెట్టింది. విండోస్ మొదటి రోజే చెప్పింది. నేను దాని నోరు మూశాను.

ఆ తర్వాత మా ప్రాజెక్టులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. స్కిప్ పెట్టేవాళ్లు కారణం రాయాలి, పేరు రాయాలి, గడువు తేదీ రాయాలి. గడువు దాటితే ఆ టెస్టు దానంతట అదే మళ్లీ ఎర్రబడుతుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు ఇచ్చే పని, పాత స్కిప్‌లలో ఒకటి ఎంచుకుని దాని కథ కనుక్కోమనడం. కోడ్ ఎక్కడ మెత్తగా ఉందో దానంత బాగా చూపించేది మరొకటి లేదు.

ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టుల గురించి ఎక్కువ చెప్పను. ఫ్లేకీ అంటారు వాటిని. తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ గుణం ఉందని 2016లో గూగుల్ వాళ్లే చెప్పుకున్నారు, కాబట్టి ఎవరి ఇల్లూ దీనికి మినహాయింపు కాదు. నా అభ్యంతరం మళ్లీ నడిపించే బటన్ మీద. ఆ ఐదున్నర గంటల తప్పును మా కళ్లముందే అంతకాలం దాచింది ఆ బటనే.

మా తాతయ్యకు కిరాణా కొట్టు ఉండేది. తక్కెడ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆయన ఒక పని చేసేవాడు. రాయి ఒక పళ్లెంలో, బెల్లం ఇంకో పళ్లెంలో పెట్టి ముల్లు నిలిచాక, రెండింటినీ అటుదిటు ఇటుదటు మార్చేవాడు. మార్చినా ముల్లు నిలిస్తేనే తక్కెడ నిజం చెబుతున్నట్టు. రాళ్లను గడువు ప్రకారం తూనికలు కొలతల శాఖ దగ్గరికి తీసుకెళ్లి ముద్ర వేయించేవాడు. వాడుతున్న కొద్దీ రాయి అరుగుతుందని ఆయనకు తెలుసు. టెస్టును దిద్దినప్పుడల్లా నేను చేసేది ఆయన దగ్గర నేర్చుకున్నదే. టెస్టు పచ్చబడ్డాక, కోడ్‌లో కావాలని ఒక తప్పు పెడతాను. ప్లస్ ఉన్నచోట మైనస్, చిన్నది అన్నచోట పెద్దది. టెస్టు వెంటనే ఎర్రబడాలి. పడకపోతే అది ఏమీ తూచడం లేదన్నమాట. ఇలా చూసినప్పుడు, ఏళ్లుగా పచ్చగా మెరుస్తూ ఏమీ చూడని టెస్టులు మా దగ్గర కొన్ని బయటపడ్డాయి. ఫెయిలయ్యే టెస్టు కంటే నాకు వాటిమీదే భయం ఎక్కువ.

ఇంత తంటా అవసరమా అని మేనేజర్లు అడుగుతుంటారు. నేను ఎస్‌క్యూలైట్‌ను చూపిస్తాను. మీ ఫోనులో అది ఉంది, మీ బ్రౌజర్‌లోనూ ఉండే ఉంటుంది. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన చిన్న డేటాబేస్. దాని అసలు కోడ్ దాదాపు లక్షన్నర లైన్లు. దాన్ని పరీక్షించే కోడ్ అంతకు 590 రెట్లు అని వాళ్లే లెక్క చెబుతారు. విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిచోట్లా ఒకే ఫైలు ఒకేలా తెరుచుకుంటోందంటే దాని వెనక ఉన్నది ఆ కాపలా. చాలా కొద్దిమంది చేతుల్లో జరుగుతున్న పని అది.

2018 ఫిబ్రవరి చాలామంది తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. "జ్ఞా"ను ఒక ప్రత్యేకమైన కూర్పులో, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో రాసి పంపితే, అందుకున్న ఐఫోనులో దాన్ని చూపించబోయిన యాప్ కూలిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. యాపిల్ ఆ నెలలోనే 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. చాలా వార్తాపత్రికలు దాన్ని ఫోన్లను కూల్చే అక్షరంగా రాశాయి. నాకు చాలా బాధ కలిగింది. అక్షరం ఏ తప్పూ చెయ్యలేదు. దాన్ని గీసే కోడ్‌లో తప్పుంది, ఆ తప్పు ఫోన్లు జేబుల్లోకి చేరాకే బయటపడింది.

మన పిల్లలు ఇవాళ హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో, సియాటిల్‌లో లోకమంతా వాడే సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. వాళ్ల టెస్టులు తెరిచి చూస్తే ఉండే పేర్లు జాన్, జేన్, ఫూ, బార్. ఈ వ్యాసం చదివినవాళ్లలో ఆ పని చేసేవారుంటే ఒక్కటి అడుగుతాను. రేపు ఆఫీసుకు వెళ్లాక మీ టెస్టుల్లో ఒక తెలుగు పేరు చేర్చండి. శైలజ, వైదేహి, పైడితల్లి, జ్ఞానేశ్వరి, మీ ఇంట్లో ఎవరి పేరైనా సరే. దాన్ని మూడు యంత్రాల మీదా నడిపించండి. ఎక్కడైనా ఎర్రబడితే మాత్రం దయచేసి పేరు మార్చకండి.